నూట నలభై అద్దాలు

కొత్త కంప్యూటర్ ఇంటికొచ్చిన మూడో రోజుకే మా అత్తగారు తీర్పు చెప్పేశారు.

"కొత్త కోడలు లాంటిదే అమ్మాయ్ అదీనూ. ఇంటికి అలవాటు పడటానికి కొన్నాళ్ళు పడుతుంది."

నేను ఈ ఇంటికి వచ్చి ఇరవై నాలుగేళ్ళయింది. నాకు ఎన్నాళ్ళు పట్టిందో ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు.

కంప్యూటర్‌కి మాత్రం గడువుంది. శుక్రవారం పొద్దున పదింటి వరకు. నేను ఒక ఆసుపత్రికి టైపు చేస్తాను. డాక్టర్లు స్కానింగ్ చూసి నోటితో చెప్పి రికార్డు చేస్తారు, నేను ఇంట్లో కూర్చుని విని అక్షరాల్లోకి దింపుతాను. పదకొండేళ్ళుగా ఇదే పని. మనిషి లోపల ఏమేమి ఉంటాయో నాకు తెలిసినంతగా మా వీధిలో ఎవరికీ తెలియదు. వచ్చే నెల నుంచి రికార్డులు పంపరట. డాక్టరు అక్కడ మాట్లాడుతుంటే ఇక్కడ అప్పటికప్పుడే టైపు చేయాలట. దానికి అరగంట పరీక్ష. గదిలో ఇంకో మనిషి ఉండకూడదు. లైను ఒకసారి తెగితే క్షమిస్తారు, రెండోసారి తెగితే జాబితాలోంచి పేరు కొట్టేస్తారు. ఆసుపత్రి పంపిన ఉత్తరంలో సరిగ్గా ఆ వాక్యం కిందే "శుభాకాంక్షలతో" అని ఉంది.

పాత కంప్యూటర్ ఈ వార్త విన్నట్టే ఆ వారమే కన్ను మూసింది. కొత్తది అట్టముక్కంత పల్చగా, ముచ్చటగా ఉంది. ముందు గదిలో పెడితే సిగ్నల్ గుర్తుకి నాలుగు గీతలూ వెలుగుతాయి. నా గదిలో పెడితే ఒక్కటే, అదీ ఉందా లేదా అన్నట్టు. సాధన చేసుకోమని ఆసుపత్రివాళ్ళు ఒక నమూనా పంపారు. "కాలేయం పరిమాణం" అని డాక్టరు గొంతు ఆగిపోయింది. ఆ కాలేయం ఎంతుందో నాకు ఇప్పటికీ తెలియదు.

"పాతదానికి ఇలా లేదు" అన్నారు మా ఆయన. ఆయన మాట్లాడితే అంతే, నాలుగు మాటలకి మించవు.

మా ఆయనది అద్దాల పని. కోస్తారు, అంచులు చెక్కుతారు, ఫ్రేములు కడతారు. ఇంటి ముందు గదే ఆయన పనిగది, నెట్ బాక్సు అక్కడే ఒక అల్మారా మీద ఉంటుంది. అక్కడినుంచి ఇంటి వెనక వంటింటి దాకా సన్నటి నడవా. ఆ నడవాకి కుడి పక్కన మొదట సరుకు గది, దాని వెనక నా గది. ఎడమ పక్కన మా అత్తగారి గది. కొన్నవాళ్ళందరికీ ఆయన అప్పజెప్పే మాట ఒక్కటే: "అద్దంలో మీకు ఎవరు కనబడితే, వాళ్ళకి మీరూ కనబడతారు. పెట్టుకునే చోటు చూసి పెట్టుకోండి."

బుధవారం నెట్ కంపెనీకి ఫోన్ చేశాను. ఒకమ్మాయి పలికింది. గొంతు తేనె, ఓపిక సముద్రం.

బాక్సు ఆపి రెండు నిమిషాలాగి వేయమంది. వేశాను. కంప్యూటర్‌ని ఆపి వేయమంది. వేశాను. నెట్ పేరుని కంప్యూటర్ చేత మరిపించి, పాస్‌వర్డు మళ్ళీ కొట్టమంది. కొట్టాను. బాక్సు రెండు పేర్లతో సిగ్నల్ ఇస్తుందట, ఒకటి వేగమైనదీ గోడ దాటలేనిదీ, రెండోది నిదానమైనదీ గోడ దాటేదీ. రెండోదానికి మారమంది. మారాను. గీత ఒకటే.

"మేడమ్, బాక్సుకీ మీ గదికీ మధ్య ఇనప బీరువాలు గానీ అద్దాలు గానీ ఏవైనా ఉన్నాయా?"

నేను సరుకు గది వైపు చూశాను.

"కొన్ని ఉన్నాయమ్మా" అన్నాను.

"సుమారుగా ఎన్ని మేడమ్?"

"నూట నలభై."



"ఒక్క నిమిషం లైన్లో ఉండండి" అంది. తేనె తగ్గింది.

గురువారం మధ్యాహ్నం ఆ కంపెనీ లైన్‌మన్ వచ్చాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, కళ్ళజోడు నుదుటి మీద. చేతిలో ఫోను పట్టుకుని, అందులో అంకెలు చూసుకుంటూ ఇల్లంతా అడుగులో అడుగేసుకుంటూ తిరిగాడు. పనిగదిలో తల ఊపాడు. నడవాలో తల ఊపాడు. సరుకు గదిలో వరసగా నిలబెట్టిన అద్దాల్లో తననే నూట నలభై మందిని చూసుకుని ఊపడం మానేశాడు.

నా గదిలోకి వచ్చి గోడకున్న అద్దం దగ్గర ఆగాడు.

దాని సంగతి చెప్పాలి. పెళ్ళయిన రెండో ఏడు, దేనికో ఇప్పుడు గుర్తు లేదు గానీ, ఒళ్ళు మండి మా ఆయన్ని పట్టుకుని "ఈ ఇంట్లో నన్ను కన్నెత్తి చూసేవాళ్ళే లేరు" అని ఏడ్చాను. ఆయన బదులు చెప్పలేదు. మర్నాడు నేను బజారుకెళ్ళి వచ్చేసరికి సరుకు గది వైపున్న నా గది గోడ మొత్తం, ఈ మూల నుంచి ఆ మూల దాకా, అద్దం. అది సమాధానమో, వెటకారమో నాకు బోధపడలేదు. "నాలుగంచులూ చెక్కాను" అన్నారాయన. "అంటించాను. ఇక ఊడదు." ఇరవై రెండేళ్ళుగా ఊడలేదు. ఇరవై రెండేళ్ళుగా నన్ను నేనే చూసుకుంటున్నాను.

"మరి పాత కంప్యూటర్ ఎలా నడిచిందమ్మా?" అన్నాడు లైన్‌మన్.

"దానికి వైరు ఉండేదండీ. పనిగదిలోంచి గోడకి చిల్లి వేసి తెచ్చారు."

"ఆ వైరేదీ?"

ఇద్దరం మా ఆయన వైపు చూశాం. ఆయన నేల వైపు చూశారు.

"కొత్తది వైరు అక్కర్లేనిదన్నారు కదా" అన్నారు చివరికి.

"పారేశారా సార్?"

"వస్తువు పారేస్తానా! ముక్కలు చేశాను. పదహారు అద్దాల వెనక కట్టాను, తగిలించుకోవడానికి." వెళ్ళి ఒక అద్దం తెచ్చి తిరగేసి చూపించారు. "లాగి చూడండి. గట్టి వైరు."

లైన్‌మన్ మర్యాదస్తుడు. లాగి చూశాడు.

"కొత్త వైరు నా సంచీలో ఉంది సార్, ఇప్పుడే వేస్తాను. గుచ్చడానికి ఈ కంప్యూటర్‌కి చోటేదీ? మధ్యలో చిన్న ముక్క ఒకటి కావాలి. అది గానీ, గదిలో పెట్టే ఇంకో బాక్సు గానీ, ఏదైనా సోమవారమే."

"పరీక్ష రేపండీ" అన్నాను.

"ఉన్న బాక్సునే ఈ గదిలోకి మారిస్తేనో?" అన్నారు మా ఆయన.

"వీధిలోంచి దాన్లోకి వచ్చేది గాజు తీగ సార్. ఇక్కడిదాకా రాదు, లాగితే విరుగుతుంది." లైన్‌మన్ గోడకేసి చూశాడు. "సరుకు గదిలోవి తీయించొచ్చు. కానీ ఇది ఉన్నంతకాలం ఈ గోడలోంచి చీమ కూడా దూరదు. ఇది పోవాలి."

"అంటించినది. తీస్తే ముక్కలే" అన్నారు మా ఆయన. లోపలికి వెళ్ళి సుత్తి పట్టుకొచ్చారు. అద్దం మీద పాత దుప్పటి కప్పడం మొదలుపెట్టారు, పెంకులు ఎగరకుండా. ఆయన చేసిన అద్దాలన్నిటిలోకీ పెద్దది అదే. అలాంటిది మళ్ళీ చేయలేదు.

"ఆగండి" అన్నాను.

ఆ అద్దం మీద నాకు ప్రేమ ఉందని ఆ నిమిషం వరకూ నాకే తెలియదు. ఎన్నోసార్లు దాన్ని తిట్టాను. తుడవలేక చచ్చాను. అయినా ఆయన చేతిలో సుత్తి చూసేసరికి దుప్పటి అంచు గట్టిగా పట్టుకున్నాను.

"ఉద్యోగం పోతుంది" అన్నారాయన.

"పోనివ్వండి" అనబోయి అనలేకపోయాను. అదీ నాదే కదా.

ఆయన సుత్తి అలాగే పట్టుకుని నిలబడ్డారు. తర్వాత లైన్‌మన్ వైపు తిరిగారు.

"గాజు తీగ అన్నారు. దాన్లోంచి వచ్చేదేమిటి?"

"వెలుగు సార్."

"బాక్సులోంచి గాల్లోకి పోయేదో?"

"అదీ వెలుగుకి చుట్టమే. కంటికి కనబడదంతే. మీ అద్దం వెనక పూత ఉంటుంది చూడండి, దానికి తగిలితే ఇక దాటదు."

"దాటదంటే, ఆగిపోతుందా? వెనక్కి మళ్ళుతుందా?"

లైన్‌మన్ కళ్ళజోడు నుదుటి మీంచి కిందికి దించాడు.

"మళ్ళుతుంది సార్."

మా ఆయన సుత్తిని నా బల్ల మీద పెట్టారు. "అయితే అది నా పని" అన్నారు.

తర్వాత గంటన్నరలో ఆయన చేసిందిది. పనిగదిలో బాక్సుకి వీధి వైపు ఒక అద్దం నిలబెట్టారు, అటు పోయేది ఇటు మళ్ళేలా. నడవాలో, నా గుమ్మం దాటగానే, మనిషెత్తు అద్దాన్ని ఏటవాలుగా నిలబెట్టారు, పనిగదిలోంచి వచ్చేది నా గదిలోకి తిరిగేలా. బాక్సు దగ్గర టార్చిలైటు వెలిగించి పెట్టి, ఆ వెలుగు నా కుర్చీ మీద పడేదాకా అద్దాన్ని వేలెడు ఇటు, గోరంత అటు జరిపారు. వెలుగు నా కుర్చీ మీద పడింది. కంప్యూటర్‌లో రెండో గీత వచ్చింది. ఇంకాస్త జరిపారు. మూడోది వచ్చింది.

లైన్‌మన్ తన కాగితాలు తీశాడు. "రిపోర్టులో ఏమని రాయను?" అని తనలో తనే అనుకుని, "వినియోగదారుడు స్వయంగా సరిచేసుకున్నారు" అని రాసి నా చేత సంతకం పెట్టించుకున్నాడు.

అద్దానికీ గోడకీ మధ్య వంటింట్లోకి పక్కకి తిరిగి దూరేంత సందే మిగిలింది. "నా ఇంట్లో నేను దొంగలా నడవాలా?" అన్నారు మా అత్తగారు.

శుక్రవారం పదింటికి హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్నాను. గది తలుపు బార్లా తీసి ఉంది. మా అత్తగారి టీవీలో మనుషులు గొంతు లేకుండా పోట్లాడుకుంటున్నారు. గుమ్మంలోంచి చూస్తే నడవాలో అద్దం, అద్దంలో దూరంగా పనిగది, అల్మారా, బాక్సు, దాని ముందు స్టూలు మీద మా ఆయన. చేతుల్లో పని లేదు. ఆ గదిలో ఆయన ఖాళీగా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

డాక్టరు మొదలుపెట్టాడు. పిత్తాశయంలో రాళ్ళు లేవు. మంచిదే. ఎడమ మూత్రపిండంలో ఒకటి ఉంది, నాలుగు మిల్లీమీటర్లు.

పన్నెండో నిమిషంలో మా అత్తగారికి దాహం వేసింది. ఆవిడ నడవాలోకి వచ్చి, అద్దం ముందు ఆగి, జుట్టు సర్దుకున్నారు. డాక్టరు గొంతు తెగింది. తెర మీద "సంధానం కోల్పోయింది. ఒకటి" అని వచ్చింది.

అరిస్తే అరుపు కూడా రికార్డవుతుంది. ఆవిడ సందులోంచి పక్కకి దూరి వంటింట్లోకి వెళ్ళారు, గీతలు తిరిగొచ్చాయి, డాక్టరు ఏమీ ఎరగనట్టు క్లోమం దగ్గర ఎత్తుకున్నాడు. కానీ వెళ్ళిన మనిషి తిరిగి రావాలి కదా! అద్దంలో మా ఆయన లేచి నిలబడటం కనిపించింది. సందులోంచి తల్లి కేసి అరచెయ్యి చూపించారు. తర్వాత నన్ను చూపించారు. తర్వాత రెండు చేతులూ జోడించి దండం పెట్టారు. మా అత్తగారు పీట వేసుకుని వంటింట్లోనే కూర్చుండిపోయారట. ఆవిడ నా కోసం పద్దెనిమిది నిమిషాలు కదలకుండా, మెదలకుండా కూర్చోవడం ఈ ఇంటి చరిత్రలో లేదు.

ఇరవై ఐదో నిమిషంలో పనిగది గుమ్మంలోకి ఎవరో పెద్ద ఫ్రేము పట్టుకుని వచ్చారు. నేను "ప్లీహం సాధారణ పరిమాణంలో ఉంది" అని టైపు చేస్తున్నాను. బేరాన్ని ఎన్నడూ వెనక్కి పంపని మా ఆయన కూర్చున్న చోటినుంచే తల అడ్డంగా ఊపారు. ఫ్రేము వెనక్కి వెళ్ళిపోయింది.

పదిన్నరకి తెర మీద రెండు ముక్కలు వచ్చాయి. "పరీక్ష పూర్తయింది. సంధానం సంతృప్తికరం."

హెడ్‌ఫోన్ తీసి తలెత్తాను. అద్దంలో మా ఆయన ఇంకా అలాగే కూర్చుని ఉన్నారు. నేను బొటనవేలు ఎత్తి చూపించాను. ఆయన వెంటనే తల ఊపారు.

లేచి పనిగదిలోకి వెళ్ళాను.

"అరగంట సేపూ ఆ బాక్సు లైట్లు ఆరిపోతాయేమోనని చూస్తూ కూర్చున్నారా?" అన్నాను.

"బాక్సు నా వీపు వెనకుంది కదా" అన్నారాయన.

అంతవరకే అన్నారు. అద్దాలు కొన్నవాళ్ళకి ఆయన చెప్పే మాట అప్పుడు గుర్తొచ్చింది. నాకు ఏడుపొచ్చింది. దేనికో ఈసారి గుర్తుంటుంది.

సోమవారం మధ్య ముక్క వచ్చింది, లైన్‌మన్ వచ్చి కొత్త వైరు వేసి వెళ్ళాడు. ఇప్పుడు లైను రాయిలా నిలబడుతోంది, గీతలతో పనే లేదు.

"ఇక ఆ నడవాలో అద్దం తీయించమ్మాయ్" అంటున్నారు మా అత్తగారు, పక్కకి తిరిగి వంటింట్లోకి దూరుతూ.

"దానివల్లేగా అత్తయ్యా సిగ్నల్ వస్తోంది" అంటున్నాను నేను.