వెనక ఇంకొకటి ఉందిగా

నేను తొందరమనిషిని. విజయనగరంలో ఐదున్నర రైలు అందుకోవాలన్న ధ్యాస తప్ప ఆ సాయంత్రం నా బుర్రలో ఇంకేమీ లేదు.

మా ఆఫీసు చిన్నపిల్లల ఆసుపత్రులకు ఒక ప్రోగ్రాం నడుపుతుంది. బిడ్డ బరువు కొడితే, సెలైన్‌లో ఎంత మందు కలపాలో అది చెబుతుంది. అందులో ఏ మార్పు చేసినా రెండు తనిఖీలు దాటాలని మా తిరుమలరావు సార్ నియమం. రాసిన కోడ్ పంపేముందు నా లాప్‌టాప్‌లో ఒకటి, పంపాక ఆఫీసు సర్వర్లో ఇంకొకటి. ఆ రెండూ దాటిన కోడ్ నేరుగా ఆసుపత్రులకు వెళ్ళిపోతుంది.

నా తనిఖీ తప్పుందని ఎర్ర అక్షరాలు చూపించింది. చదివితేగా! వెనక సర్వర్ ఉందిగా అని కొండంత ధీమాతో, తనిఖీ వద్దనే ఆదేశం కొట్టి కోడ్ పంపేసి, సంచీ భుజాన వేసుకున్నాను.

చీపురుపల్లి దాటాక సార్ ఫోన్ చేశారు.

"యమునా, ఏటి పంపినావమ్మా? ఎనిమిది పాయింటు రెండు కిలోలు కొడితే ఎనభైరెండు కింద తీసుకుంటన్నాది!"

"సర్వర్ ఆపలేదా సార్?"

"ఆ తనిఖీ మరీ నెమ్మదిగా ఉన్నాదని పొద్దున్నే తీసేసినాను. నీ దగ్గర ఎలాగూ ఆగుతాది కదాని."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. సార్ పాత కోడ్ మళ్ళీ పెట్టేశారు. కానీ ఈలోగా ఒక్క లెక్క బయటికి వెళ్ళిపోయింది. మా ఊరు ఆమదాలవలసలోనే, స్టేషన్ దగ్గరి ఆసుపత్రిలో, పది నెలల పాపకి.

ఆసుపత్రికి ఫోన్ చేస్తే ఎత్తరు. మళ్ళీ చేశాను, ఎత్తరు. పొందూరులో రైలు ఆగింది, ఎంతకీ కదలదు. ఎదుటి సీటాయన తీరిగ్గా పల్లీలు వొలుచుకుంటుంటే కొట్టాలనిపించింది. దేవుడా, ఆ పాప బతికితే చాలు, నా ఉద్యోగం పోతే పోనీ అని మొక్కుకున్నాను.

దిగి ఒకటే పరుగు. వార్డులో పాప చేతికి సెలైన్ ఎక్కుతోంది. ఎవరినీ అడక్కుండా గొట్టం మీది చక్రం తిప్పి ఆపేశాను. నర్సు లీలారాణి కేకేసి డాక్టర్ని పిలిచింది. ఆయన సీసా చూసి, పాప గుండె మీద స్టెత్ పెట్టి చాలాసేపు విన్నారు. ఇప్పుడే పెట్టాం, పదోవంతే దిగింది, రేపటిదాకా కనిపెట్టి ఉండాలి అన్నారు.

నా తప్పు నాకు తెలుసు. అయినా నోరు ఊరుకోలేదు.

"ఇంత మందు చూపిస్తే అనుమానం రాలేదా సిస్టర్? ఇన్నేళ్ళూ చేత్తో లెక్కేసి సరిచూసేవారు కదా!"

లీలారాణి ఆ సీసా విప్పి పక్కన పెట్టింది.

"పోయిన నెల నువ్వే కదమ్మా వచ్చి సెప్పినావు, అన్నీ రెండేసిసార్లు సూసే పంపుతాం, మీరు సూడక్కర్లేదని. అందుకే మానేసినాను."