వీపు మీది దీపం

వాన పడిందంటే ఆ ట్రాక్ మీద కారు కనపడదు, కారు లేపే నీళ్ళే కనపడతాయి. ముందువాడి చక్రాలు విసిరికొట్టే నీటిపొగలో వెనకవాడు కళ్ళు మూసుకుని నడిపినట్టే నడపాలి. ఈ సంగతి డ్రైవర్లకు తెలుసు, మెకానిక్కులకు తెలుసు, పోటీలు పెట్టే సంఘానికీ తెలుసు. తెలిసీ అందరూ నిమ్మకు నీరెత్తినట్టు ఉండేవాళ్ళు. నిజం చెప్పాలంటే, అది తన ఇంటి మీదికి వచ్చేదాకా జెండా అక్క కూడా దాని గురించి పెద్దగా ఆలోచించలేదు.

మలుపు దగ్గర గట్టు మీద నిలబడి, ముందు ఏదైనా ప్రమాదం ఉంటే పసుపు జెండా ఊపడం ఆమె పని. పేరులో జెండా అలా వచ్చింది. అక్క మాత్రం తమ్ముడి వల్ల వచ్చింది. తమ్ముడు కారు నడిపేవాడు. వాడి దూకుడు చూసి అందరూ తూటా అని పిలిచేవాళ్ళు. వాడు అక్కా అక్కా అంటూ తిరుగుతుంటే, జుట్టు నెరిసిన మెకానిక్కులు కూడా ఆమెను అక్కా అనడం మొదలుపెట్టారు.

అందరికంటే విచిత్రమైన పేరు ఆమె భర్తది. తాబేలు. కారెక్కితే తూటాతో సమానంగా నడిపేవాడు గానీ, కిందికి దిగితే ఆయన నింపాదికి అంతుండేది కాదు. అన్నానికి కూర్చుంటే చెయ్యి ఎండిపోవాల్సిందే.

"అక్కా, మా బావకి బండెక్కేముందు ఎవరైనా కీ ఇస్తున్నారా?" అని తూటా ఆటపట్టించేవాడు.

"ఇస్తున్నార్రా. నీ కీ మాత్రం ఎవరో పారేసుకున్నారు, ఆగడం లేదు" అనేవాడు తాబేలు.

బావా బావమరుదులు ఒకే యజమాని దగ్గర, ఒకే జట్టులో ఉండేవాళ్ళు. ట్రాక్ మీద ఒకరినొకరు దాటుకుని, సాయంత్రం ఒకే బల్ల దగ్గర కూర్చుని దాని గురించే పోట్లాడుకునేవాళ్ళు.

ఆ రోజు పోటీ సగంలో వాన మొదలైంది. తాబేలు కారు సరిగ్గా ఆమె మలుపు దాటగానే ఇంజన్ చచ్చి, ట్రాక్ మధ్యలో ఆగిపోయింది. ఆమె జెండా ఊపింది. రెండు చేతులతో ఊపింది, కేకలు పెట్టింది, గట్టు అంచు దాకా వెళ్ళి ఊపింది. తడిసిన గుడ్డ కర్రకు చుట్టుకుపోతే విప్పి మళ్ళీ ఊపింది. ఆ నీటిపొగలో జెండా ఎవడికి కనపడుతుంది? పొగ చీల్చుకుని వచ్చిన మొదటి కారు నేరుగా వెళ్ళి ఆగిన కారును వెనకనుంచి గుద్దింది. ఆ కారు తూటాది.

తాబేలు బతికాడు. నడుము కింద మాత్రం ఇక ఏమీ ఆయన చెప్పినట్టు వినలేదు.

తూటా ఆసుపత్రికి వచ్చి వరండాలో నిలబడి వెళ్ళిపోయేవాడు తప్ప గదిలో అడుగు పెట్టలేదు. ఆయన్ను ఇంటికి తెచ్చాక కూడా చాలాకాలం రాలేదు. చివరికి ఒక మధ్యాహ్నం వచ్చి, చక్రాల కుర్చీ ముందు నేల మీద కూలబడ్డాడు.

"కనపడలేదు బావా. ఒట్టు, నువ్వు కనపడలేదు."

"తెలుసురా. నీ చోట నేనుంటే నాకూ కనపడేవాడివి కాదు." తాబేలే మళ్ళీ అడిగాడు: "మరి కనపడాలంటే ఏం చెయ్యాలి?"

ఆ ప్రశ్నతో వాళ్ళిద్దరూ మళ్ళీ ఒక్కటయ్యారు. వంటగది పక్క గదిలో బల్ల నిండా తీగలు, బల్బులు, పగిలిన అద్దం ముక్కలు. కారు వెనక మధ్యలో ఒక దీపం పెట్టాలి. వానలో అది ఎర్రగా వెలుగుతూనే ఉండాలి. డ్రైవరు కాలు తీసి కారు వేగం తగ్గిందా, ఎవరూ మీట నొక్కకుండానే గబగబా ఆరి వెలగాలి. ముందు ఒక కారు మెల్లబడుతోందని వెనకవాడికి నీళ్ళలోంచి తెలియాలి. ఆలోచన తాబేలుది, కష్టం తూటాది. తోటలో పైపు పెట్టి నీళ్ళు చల్లమని అక్కను నిలబెట్టి, అటు చివర దీపం పట్టుకుని నిలబడి "కనపడుతోందా బావా?" అని అరిచేవాడు. ఆమె తడిసి ముద్దయ్యేది. ఆ ఇంట్లో నవ్వు వినపడింది మళ్ళీ అప్పుడే.

సంఘం అధ్యక్షుడు మాటలో తేనె పోసుకుని పుట్టిన మనిషి. జెండా అక్క తీసుకెళ్ళిన దీపాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఆలోచన అమోఘం. కానీ కారు వెనక కంపెనీల బొమ్మలుంటాయి కదమ్మా, వాటి మధ్య ఇది దిష్టిబొమ్మలా ఉంటుందేమో" అన్నాడు. ఏడాది పైగా అలా తిప్పించుకున్నాడు. చివరికి దీపాలు చేసే కంపెనీ ఒకటి తన పేరు దీపం చుట్టూ రాసుకోవడానికి ముందుకు రాగానే, అదే దిష్టిబొమ్మ తప్పనిసరి నియమమైంది. ప్రారంభం రోజున అధ్యక్షుడు వేదిక మీద డ్రైవర్ల ప్రాణాల విలువ గురించి మాట్లాడి కళ్ళు తుడుచుకున్నాడు. చక్రాల కుర్చీ ఎక్కడానికి ఆ వేదికకు దారి లేదు. తాబేలు కిందనుంచే చప్పట్లు కొట్టాడు.

దీపం పనిచేసింది. ఆ మాట మాత్రం ఎవరూ కాదనలేరు. మొదటి వాన పోటీలో గట్టు మీద నిలబడి, నీటిపొగలో ఒకదాని వెనక ఒకటి ఎర్రటి చుక్కలు దూరదూరంగా జరగడం చూస్తూ జెండా అక్క వాటిని ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంది. ఒక కారు ఆగిపోతే వెనకవాళ్ళందరూ పక్కకు తప్పుకుని వెళ్ళారు. ఎవరికీ గోరు కూడా ఊడలేదు.

అయితే డ్రైవర్లు తెలివైనవాళ్ళు. దీపం గబగబా ఆరి వెలిగిందంటే ముందువాడు కాలు తీశాడన్నమాట. ఎక్కడ తీశాడో అక్కడే వాడికి భయమన్నమాట. ఎక్కడ భయమో అక్కడే వాణ్ణి దాటెయ్యొచ్చు. ఇది కనిపెట్టడానికి వాళ్ళకు ఎంతోకాలం పట్టలేదు.

మొదట దొరికిపోయింది తూటా. బావను గుద్దిన రోజు నుంచి, వాన పడితే ఆ మలుపు దగ్గర వాడి కాలు దానంతటదే పైకి లేచేది. మిగతావాళ్ళకంటే చాలా ముందే లేచేది. ఇంతకాలం ఆ సంగతి వాడొక్కడికే తెలుసు. ఇప్పుడు వాడి దీపం ప్రతి చుట్టులోనూ దాన్ని చాటింపు వేస్తోంది. వాడి వెనక వచ్చినవాడల్లా అక్కడే వాణ్ణి దాటాడు. కార్లు బాగుచేసే పిట్‌లో ఎవరో "తూటా కాదురా, తుస్సు" అన్నారు. ఆ పేరు అంటుకుంది. యజమాని వాడితో మాట్లాడటం తగ్గించాడు.

తర్వాతి వానలో జెండా అక్క తమ్ముడి కారు మలుపులోకి రావడం విన్నది. ఇంజన్ శబ్దం తగ్గింది. దీపం మాత్రం వెలగలేదు.

మర్నాడు ఉదయమే వాడింటికి వెళ్ళింది. మరదలు కాఫీ పెడుతుంటే వంటింటి గడపలో నిలబడి తమ్ముణ్ణి అడిగింది.

"తీగ ఊడిపోయిందా, ఊడదీశావా?"

వాడు దాచలేదు. "ఊడదీశాను. నేనొక్కణ్ణే అనుకుంటున్నావా? సగంమంది తీసేశారు."

"ఊళ్ళోవాళ్ళ సంగతి నాకెందుకురా? ఆ దీపం చేసినవాడివి నువ్వు."

"చేసింది నేనే. నా భయం తీసుకెళ్ళి నా వీపు మీదే వెలిగించుకున్నాను. అక్కా, ఆ మలుపు దగ్గరికి వస్తే నాకు రోడ్డు కనపడదు, బావే కనపడతాడు. అది ఊరందరికీ చూపించాలా?"

ఆమె వాడి భుజం మీద చెయ్యి వేసింది. అయినా అనాల్సిన మాట అనేసింది.

"ఈసారి దీపం లేకుండా నా ముందునుంచి పోయావంటే, నేను సంఘానికి చెప్పాల్సి వస్తుంది. అది నా పని."

"నువ్వు? నన్ను?" వాడు నిజంగానే నవ్వాడు. "కాఫీ తాగి వెళ్ళక్కా."

తర్వాతి పోటీలో కూడా వాన వచ్చింది. తూటా మలుపులో అలవాటు ప్రకారం కాలు తీశాడు. వాడి వెనక వస్తున్నది ఆ ఏడే కొత్తగా చేరిన డ్రైవరు. ముందు ఏమీ లేదనుకుని వస్తున్న అతనికి, ముక్కు మీదికి వచ్చాక కారు కనపడింది. కారును చటుక్కున పక్కకు తిప్పి, టైర్ల గోడలోకి దూసుకుపోయాడు. జెండా అక్క గట్టు దిగి పరుగెత్తి అతన్ని బయటికి లాగింది. మణికట్టు విరిగి చెయ్యి వంకరగా వేలాడుతోంది. "దీపం లేదక్కా, దీపం లేదు" అంటున్నాడు. అదే మాట మళ్ళీ మళ్ళీ అంటున్నాడు.

ఆ సాయంత్రమే ఆమె అధ్యక్షుడి గదికి వెళ్ళి, తను చూసిన చీకటి కార్ల నంబర్లన్నీ చెప్పింది. మొదట చెప్పింది తమ్ముడి నంబరే.

"ఇన్ని బళ్ళు ఆపేస్తే నేను పోటీ ఎవరితో పెట్టుకోనమ్మా?" అన్నాడు అధ్యక్షుడు. మళ్ళీ గొంతు తగ్గించి, "సరే, రేపు తనిఖీ పెడదాం. నియమం నియమమే" అన్నాడు.

తనిఖీ కబురు తనిఖీ కంటే ముందే పిట్‌కు చేరింది. అధ్యక్షుడి గదికి గోడలున్నాయి గానీ గుట్టు లేదు. తెల్లారేసరికి ప్రతి జట్టూ తీగలు కలిపేసుకుంది. ఒక్క తూటా కారుకు తప్ప. వాడికి ఎవరూ చెప్పలేదు. చెప్పొద్దని యజమానే మెకానిక్కులకు చెప్పాడని తర్వాత తెలిసింది. తుస్సుమన్న డ్రైవర్ని తీసెయ్యడానికి ఆయన ఎప్పటినుంచో సాకు వెతుకుతున్నాడు. అక్క చేత్తో ఆ సాకు దొరికింది.

వరసగా నిలబెట్టిన కార్లన్నీ ఎర్రగా కళకళలాడుతుంటే, మధ్యలో ఒక్కటి చీకటిగా ఉంది. వాడు దాని పక్కన హెల్మెట్ పట్టుకుని నిలబడి, అటువైపు ఇటువైపు దీపాలను చూసి, తర్వాత అక్కను చూశాడు.

వచ్చే ఏడంతా వాడు కారెక్కకూడదన్నారు. యజమాని ఆ పూటే వాణ్ణి వదిలించుకున్నాడు. గోరుచుట్టు మీద రోకటిపోటులా పత్రికలవాళ్ళు, బావ నడుము విరగ్గొట్టినవాడే బావ పెట్టిన దీపం ఆర్పాడని రాశారు. అధ్యక్షుడు ఆమెను పిలిచి మెచ్చుకున్నాడు.

"మీ మాట నిజమని తేలిందమ్మా. సొంత తమ్ముడని కూడా చూడలేదు. మీలాంటివాళ్ళు కావాలి."

"మిగతా నంబర్లు కూడా చెప్పాను సార్."

"వెలుగుతున్న దీపాన్ని ఆరిందని నేనెలా రాయను?" అన్నాడాయన, ఎంతో జాలిగా.

ఇంటికి వచ్చి భర్తకు అంతా చెప్పింది. ఆయన మండిపడతాడని, కనీసం తమ్ముణ్ణి తిడతాడని, లేదా తననైనా తిడతాడని అనుకుంది. తాబేలు కుర్చీ కిటికీ వైపు తిప్పుకున్నాడు.

"అందరూ తీసేస్తారని నాకు తెలుసు" అన్నాడు.

"తెలుసా? ఎప్పటినుంచి?"

"బల్ల మీద అది మొదటిసారి వెలిగినప్పటినుంచి. నేను నడిపే రోజుల్లో ఎవడైనా నా కారుకి ఇది తగిలించి ఉంటే, మొదటి వానకే తీగ కత్తిరించేసేవాణ్ణి. వెనకవాడికి భయం చూపించి ఎవడు గెలుస్తాడు?"

"మరి అంత కష్టపడి ఎందుకు చేశారండీ?"

"వాడు రావడం మానేశాడుగా. వాడు మళ్ళీ ఇంటికి రావాలంటే చేతికి ఏదో ఒక పని ఇవ్వాలిగా."

ఆమె అక్కడే కుర్చీలో కూర్చుండిపోయింది. ఆయన తప్పు ఆయన ఒప్పుకోలేదు, ఆమెది తప్పనీ అనలేదు. రెంటిలో ఏదో ఒకటి అని ఉంటే కాస్త తేలిగ్గా ఉండేదేమో. విరిగిన మణికట్టు ఆమె చూసింది. ఆయన చూడలేదు. ఆ మాటే అందామనుకుని, ఆ కుర్చీ చక్రాలు చూసి మానేసింది.

తమ్ముడింటికి వెళ్ళింది. మరదలు తలుపు సగమే తీసింది.

"ఆయన లేరు వదినా."

లోపల వాడు దగ్గడం ఇద్దరికీ వినపడింది. మరదలు తల దించుకుంది గానీ తలుపు మాత్రం ఇంకాస్త తియ్యలేదు. ఆ తర్వాత వాళ్ళు ఇల్లు మారిపోయారు. వాడు ఎక్కడో సరుకుల లారీ నడుపుతున్నాడని మెకానిక్కులు చెప్పుకోగా విన్నది. ఫోన్ చేస్తే మోగేది, అంతే.

మరుసటి ఏడు మొదటి వాన పోటీలో ఆమె మలుపు దగ్గర ప్రతి దీపమూ వెలిగింది. ఒక్క కారు కూడా తప్పకుండా, ముందు నిండుగా ఎర్రగా వచ్చి, మలుపులో గబగబా కొట్టుకుని సాగిపోయాయి. తమ్ముణ్ణి పోగొట్టుకున్నా ఇదైనా మిగిలిందని ఆమె అనుకుంది. మధ్యలో ఆమె జెండా కర్ర విరిగింది. పక్క జెండావాడికి మలుపు అప్పగించి, కొత్తది తేవడానికి ట్రాక్ పక్కనున్న మేడ మీది సామాన్ల గదికి వెళ్ళింది. అక్కడినుంచి ట్రాక్ మొత్తం కనపడుతుంది.

అవతలి మలుపుల్లో వానలో ఒక్క ఎర్ర చుక్క కూడా వెలగడం లేదు. చీకటిగా వస్తున్న కార్లు, ఆమె గట్టు దగ్గర పడుతుండగా ఒక్కొక్కటే వెలిగాయి. గట్టు దాటగానే ఒక్కొక్కటే ఆరిపోయాయి.

కర్ర అందిస్తున్న ముసలి మెకానిక్కు ఆమె చూపు ఎక్కడుందో గమనించి ఇబ్బందిగా నవ్వాడు.

"స్విచ్‌లు పెట్టించుకున్నారక్కా. మీ మలుపు రాగానే వేసుకుంటారు. మీరంటే అందరికీ గౌరవం."

ఆమె కర్ర తీసుకుని మెట్లు దిగి, మళ్ళీ గట్టు ఎక్కి నిలబడింది. పోటీ అయ్యేదాకా దీపాలు ఆమెకు వెలిగి చూపిస్తూనే ఉన్నాయి.

ఇంటికి వెళ్ళేసరికి తాబేలు గుమ్మం దగ్గరే ఉన్నాడు. అడగకూడదనుకుంటూనే అడిగాడు.

"వెలిగాయా?"

"నా దగ్గర వెలిగాయి" అంది తడిసిన బూట్లు విప్పుకుంటూ.

ఆయన ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేది.