గోడవైపు తిరిగిన ముక్కాలిపీట

"ఈ... ఈపొద్దు..." అని సీతాలక్ష్మి ఆగిపోయింది.

యతిరాజులు క్యారియర్ చేత పట్టుకుని, పెదవులు బిగించి, గుమ్మంలోనే నిలబడ్డాడు. భార్యకు చిన్నప్పటి నుంచీ నత్తి. గొంతులో చిక్కుకున్న మాట తనంతట తాను బయటికి వచ్చేదాకా ఎదుటివాళ్ళు ఆగాలి. ఆగడమనే విద్యను ఆయన యాభై దాటాక నేర్చుకున్నాడు.

"ఈపొద్దు పోవద్దండి. మొ... మొగం బాగలేదు మీకు."

"భుజం పట్టేసింది, అంతే. చెయ్యి కింద పెట్టుకొని పండుకున్నాను గదా. ఈపొద్దు వర్క్‌షాపులో ఆడిట్టు. నేను ఆడ లేకుంటే రాజలక్ష్మి బెదిరిపోతుంది."

"ఉండి మాత్రం? గో... గోడను చూస్తా కూర్చుంటారు."

ఆయన నవ్వేశాడు. ఆమె అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు.

యతిరాజులు బక్కపలచని మనిషి. జేబులో రెండు పెన్నులు, అరిగిన చెప్పులు, ఎప్పుడూ కాస్త ముందుకు వంగిన మెడ. ఎదుటివాడి మాటను సగంలో అందుకోవడానికే ఆ మెడ అలా వంగిందని చూలై వర్క్‌షాపుల్లో ఎగతాళి చేసేవారు. ఆయనకు ఎవరి మాటైనా తానే పూర్తిచేసే జబ్బు ఉండేది. పనిచేసిన ఫ్యాక్టరీ మూతపడ్డాక జార్జి టౌన్‌లో శ్రీకుమార్ అనే కుర్ర ఇంజనీరు పెట్టిన కన్సల్టెన్సీలో చేరాడు. సరుకు విదేశాలకు పోవాలంటే నాణ్యతకు గుర్తుగా ఐ.ఎస్.ఓ. సర్టిఫికెట్ కావాలని కొనేవాళ్ళు పట్టుబడుతున్న రోజులవి. వచ్చి ఆడిట్ చేసి సర్టిఫికెట్ ఇచ్చేది వేరే సంస్థ. ఆ పరీక్షకు చిన్న చిన్న వర్క్‌షాపులను తయారు చెయ్యడమే వీళ్ళ పని.

ఆఫీసు గోడకు నియమాలు పటం కట్టి ఉండేవి. సర్టిఫికెట్ ఇప్పిస్తామని మాట ఇవ్వకూడదు. ఒకరి గుట్టు మరొకరికి చెప్పకూడదు. ఆడిట్ జరిగేటప్పుడు పనివాళ్ళ బదులు మనం జవాబు చెప్పకూడదు, సైగ చెయ్యకూడదు. మొదటి రెండూ యతిరాజులుకు మంచినీళ్ళ ప్రాయం. మూడోది మాత్రం ప్రాణాల మీదికొచ్చింది. నోరు మూసుకుంటే పెదవులు కదిలేవి, పెదవులు బిగిస్తే కనుబొమలు జవాబు చెప్పేసేవి. చివరికి ఒక ముక్కాలిపీట లాక్కుని గోడవైపు తిరిగి కూర్చోవడం మొదలుపెట్టాడు. తప్పుచేసిన బడిపిల్లాడిలా కూర్చున్నాడని అందరూ నవ్వారు. నవ్వితే నవ్వనీ అనుకున్నాడు.

ఆ అలవాటు ఒకరోజు ఇంటికీ వచ్చింది. "నాకూ..." అని సీతాలక్ష్మి ఆగితే, ఎన్నడూ లేనిది, ఆయన ఆగాడు. చాలాసేపటికి ఆమె మాట తెమిలింది. "నాకు వంకాయ గిట్టదండీ." పెళ్ళయిన నాటి నుంచీ ఆమెకు వంకాయంటే ప్రాణమని ఊరంతా చెప్పి, వారం వారం సంచీ నిండా తెచ్చిన మనిషి, ఆ మధ్యాహ్నం కంచం ముందు సిగ్గుతో తల వంచేశాడు. ఇన్నేళ్ళూ తాను కాపురం చేసింది సగం మనిషితోనని తెలిసి ఏడుపొచ్చింది. అప్పటి నుంచీ ఆమె చెప్పే ప్రతి మాటా చివరిదాకా విన్నాడు. ఎంత హాస్యం తెలిసిన మనిషో అప్పుడు తెలిసింది.

ఆడిట్ రోజు చూలైలో బస్సు దిగేసరికి చెమటకు చొక్కా తడిసిపోయింది. నాగలింగం వర్క్‌షాపులో ఇత్తడి నాజిళ్ళు చేస్తారు. సర్టిఫికెట్ రాకపోతే విదేశీ ఆర్డరు పోతుంది, ఆర్డరు పోతే సగంమందికి పని పోతుంది. తయారైన ముక్కలను సరిచూసే రాజలక్ష్మి కిందటేడే భర్తను పోగొట్టుకుంది. నలుగురిలో నోరు విప్పదు.

నాగలింగం ఆయన్ని పక్కకు లాగాడు. "సార్, ఆ పిల్ల తడబడితే ఒక్క దగ్గు దగ్గండి చాలు. ఎవురికి తెలుస్తాది?"

"నాకు తెలుస్తుంది గదప్పా," అన్నాడు యతిరాజులు.

పీట లాక్కుని గోడవైపు తిరిగి కూర్చున్నాడు. వెనక ఆడిటర్ భాష్యం అడుగులు ఒక్కో బల్లా దాటి రాజలక్ష్మి దగ్గర ఆగాయి.

"చెడిపోయిన ముక్క కనబడితే ఏం చేస్తావమ్మా?"

రాజలక్ష్మి చేతిలోని ముక్కను బల్ల మీద పెట్టిన చప్పుడైంది. గోడ మీద సున్నం పెచ్చు ఊడినచోట యతిరాజులు చూపు ఆగింది. నొప్పి భుజం నుంచి ఛాతీలోకి దిగింది. నాలుక పిడచకట్టుకుపోయింది. నీళ్ళు అడగాలనుకున్నాడు. కానీ ఇప్పుడు గొంతు విప్పితే అందరూ ఇటు తిరుగుతారు, ఆ పిల్ల కూడగట్టుకుంటున్న ధైర్యం కాస్తా చెదిరిపోతుంది. ఆ నిశ్శబ్దం ఆయనకు బాగా తెలుసు. మాట దారిలో ఉంది. వస్తుంది.

"ఎర్ర రంగు పూసి ఆ డబ్బాలో వేస్తాను సార్," అంది రాజలక్ష్మి. "ఆ ముక్క వచ్చిన మిషను కాడికి పోయి ఆపమంటాను. ఓనరు నడపతా ఉన్నా ఆపమంటాను."

"ఎప్పుడైనా ఆపించావా?"

"పోయిన వారం నాగలింగమన్ననే ఆపించినాను. తిట్టినాడు. అయినా ఆపినాడు."

భాష్యం పకపకా నవ్వి పక్క బల్లకు నడిచాడు. తాను దగ్గి ఉంటే ఎర్ర రంగు, డబ్బా దాకా మాత్రమే వచ్చేది జవాబు. మిగతాది ఆ పిల్ల సొంతం. యతిరాజులు మనసు నిండిపోయింది. గోడకేసి ఒక్కసారి తల ఊపాడు.

పని ముగిశాక రాజలక్ష్మి కాఫీ పట్టుకుని పరుగున వచ్చింది. "సార్, ఆడిట్టు సరిపాయెనంట సార్! తిరగండి ఇంక!" ఆయన తల గోడకు ఆనించి, కళ్ళు మూసుకుని ఉన్నాడు. అలసి నిద్రపోయాడనుకుని కాసేపు ఎదురుచూసింది. కాఫీ చల్లారిపోయింది.

కర్మలు ముగిశాక ఒక సాయంత్రం క్యారియర్ తీసుకుపోవడానికి సీతాలక్ష్మి వర్క్‌షాపుకు వచ్చింది. ఆ పీట దగ్గర చాలాసేపు నిలబడింది.

"ఆ... ఆయన..."

నాగలింగం మాట అందుకోబోయాడు. రాజలక్ష్మి అతని చెయ్యి పట్టుకుని ఆపింది. మిషన్లన్నీ ఆగాయి. అందరూ ఎదురుచూశారు.

"ఆయన నీ మాట... పూ... పూర్తిగా విన్నారా?"

"విన్నారమ్మా. తల ఊపినారు. నేను చూసినాను."

సీతాలక్ష్మి క్యారియర్ ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఊడ్చేటప్పుడు కూడా పక్కకు జరపకుండా, ముక్కాలిపీటను వాళ్ళు అలాగే ఉంచారు, గోడవైపు.