తప్పులు వెతికే పని

పద్మారావు నగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి హెల్ప్‌లైన్‌లో జెరూషా పదకొండేళ్లుగా ఫోన్లు ఎత్తేది. ఈ వేసవిలో ఆ పని ఏఐకి అప్పగించారు. పన్నెండు మందిలో ఎనిమిది మందిని పంపేశారు. మిగిలిన నలుగురూ ఏఐ మాట్లాడిన కాల్స్ విని, అది ఎక్కడ తప్పు చేసిందో గుర్తు పెట్టాలి. గుర్తు పెట్టిన తప్పు అది మళ్లీ చేయదు.

మొదట్లో రోజుకు నలభై తప్పులు దొరికేవి. ఇప్పుడు మూడో, నాలుగో. దొరకని రోజున, ఇక తన అవసరం లేదంటారేమోనని జెరూషా విన్న కాల్సే మళ్లీ వినేది.

"అక్కా, ఇయ్యాల నాకు ఒక్కటి సుత దొరకలే," అంది పక్క సీటులోని కల్పలత, మెల్లగా.

మంగళవారం పొద్దున జెరూషా ఒక కాల్ విన్నది. తిరుమలగిరి నుంచి సోమయ్య అనే పెద్దాయన.

"పానం గాబరా గాబరా అయితుందమ్మా. ఎడమ చెయ్యి గుంజుతుంది. ఎండకేమో."

ఏఐ మర్యాదగా నీళ్లు తాగమని చెప్పి, గురువారానికి అపాయింట్‌మెంట్ ఇచ్చింది.

ఆ కాల్ వచ్చి అప్పటికి నలభై నిమిషాలైంది. పేషెంట్లకు నేరుగా ఫోన్ చేస్తే ఉద్యోగం తీసేస్తారు. "ప్రభువా" అనుకుంటూనే జెరూషా నంబరు నొక్కింది. రెండుసార్లు ఎవరూ ఎత్తలేదు. మూడోసారి ఆయన భార్య విజయమ్మ ఎత్తింది.

"గోడకానుకొని కూసున్నడు బిడ్డా. మాట్లాడతలేడు."

"అమ్మా, అది ఎండకు కాదు, గుండె కావచ్చు. ఆయనను నడవనియ్యకు. అంబులెన్స్ పంపిస్తున్న."

సాయంత్రానికి సోమయ్య గండం గడిచిందని తెలిసింది. అప్పుడే మేనేజర్ సత్యదేవ్ పిలిచాడు. ఉద్యోగం పోయిందనుకుంటూ లోపలికి వెళ్లింది.

"మంచి పని చేసినవ్," అన్నాడాయన. "మనోళ్లు గుండెనొప్పిని ఏమేం మాటలతోని చెప్తరో నీకు బాగ తెలుసు. అన్నీ రాసియ్యి. ఏఐకి నేర్పిద్దాం."

"నేర్చుకున్నంక మా సంగతి ఏంది సార్?"

సత్యదేవ్ తల ఎత్తలేదు. "నా సంగతే నాకు తెల్వదు జెరూషా."

రాయకపోతే ఇంకో ఇంట్లో ఇంకొకరు గోడకానుకుని కూర్చుంటారు. రాస్తే తన కుర్చీ ఉండదు. మూడు రోజులు రాసింది. గుబగుబ, ఎదల మంట, ఛాతీ మీద బండ పెట్టినట్టు... గుర్తొచ్చిన ఒక్కో మాటకూ భయపడింది. ఒక్కటీ దాచుకోలేదు.

తర్వాతి వారమంతా నలుగురికీ ఒక్క తప్పూ దొరకలేదు. శనివారం మధ్యాహ్నం జెరూషాకూ కల్పలతకూ ఉద్యోగం తీసేసినట్టు ఉత్తరాలు ఇచ్చారు. కల్పలత బాత్రూంలోకి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు.

జెరూషా బస్టాపులో నిలబడింది. నలభై మూడేళ్లు. తనకు తెలిసిందంతా రాసిచ్చేసింది. కార్ఖానా ఏరియాలో ఇంకో ఆసుపత్రి ఉంది. అక్కడి హెల్ప్‌లైన్‌లో ఖాళీలున్నాయేమో కనుక్కుందామని ఫోన్ తీసింది. అక్కడ ఫోన్ ఎత్తేది మనిషో కాదో తెలియదు. నంబరు నొక్కలేకపోయింది. ఎక్కాల్సిన బస్సులు మూడు వెళ్లిపోయాయి.