బావిలో పనివాళ్లు

కొత్తవలస రోడ్డులో పెట్రోలు బంకు కింది ట్యాంకు 2014లో చిల్లుపడింది. బంకువాళ్లు రెండు రోజుల్లో చిల్లు పూడ్చుకున్నారు. పక్కనున్న సుభద్రమ్మ బావికి మాత్రం పెట్రోలు వాసన వదల్లేదు. ఒకప్పుడు వీధి వీధంతా తాగిన బావి అది. ఇప్పుడు ఆవిడే బిందె పట్టుకుని పంచాయతీ ట్యాంకరు దగ్గర అందరి వెనకా నిలబడుతోంది. ఇంతకన్నా తలవంపులేముంటాయి? బంకు యజమాని పలకరించిన పాపాన పోలేదు.

వచ్చింది అనూరాధ, యూనివర్సిటీలో పరిశోధన చేసే అమ్మాయి. బావి చుట్టూ ఆరు గొట్టాలు దింపి, మిషనుతో భూమిలోకి గాలి పంపింది.

"మట్టిలో కంటికి కనబడని జీవులున్నాయమ్మా. గాలి అందితే పెట్రోలునే తిని హరాయించుకుంటాయి. బావిలో బ్లీచింగు మాత్రం వెయ్యకండి."

సుభద్రమ్మ నమ్మలేదు. కానీ ఏడాది తిరిగేసరికి వాసన సగానికి సగం తగ్గింది. వచ్చే ఏటికి తాగొచ్చని అనూరాధ అంటే ఆవిడకు ప్రాణం లేచొచ్చింది.

శ్రావణంలో వీధిలో జ్వరాలు మొదలయ్యాయి. జ్వరం దోమలది, నింద బావిది. ఎదురింటి లక్ష్మణమ్మ ట్యాంకరు దగ్గర నలుగురూ వింటుండగానే అనేసింది.

"ఏటే సుభద్రా, ఊరికి రోగాలు సాలవనా, పురుగులకి గాలెట్టి మరీ పెంచుతన్నావు?"

సుభద్రమ్మకు తల కొట్టేసినట్టయింది. వానాకాలం వస్తే బావిలో బ్లీచింగు వెయ్యడం ఆ వీధిలో అందరికీ అలవాటే. అనూరాధ వద్దన్నా, ముందీ నింద పోవాలనుకుని తిన్నగా పంచాయతీ ఆఫీసుకు వెళ్లి బస్తా తెచ్చుకుంది. నలుగురూ చూసేలా నీళ్లలో కలిపి బావిలో పోసింది. చేసేదేదో పూర్తిగా చెయ్యాలనుకునే మనిషి కదా, ఆరు గొట్టాల్లోనూ పోసింది. బస్తా అయ్యేదాకా ఎనిమిది రోజులు పోసింది.

నెలాఖరున అనూరాధ నీళ్లు పట్టుకెళ్లి, పరీక్ష చేయించి తిరిగొచ్చింది.

"అన్నీ చచ్చిపోయాయమ్మా. కింద పెట్రోలు ఇంకా ఉంది. అవి మళ్లీ అంత పెరగాలంటే ఏడాది పైనే పడుతుంది. నా ప్రాజెక్టు ఈ నెలతో ఆఖరు."

"ఆ మిషను ఉంచీ తల్లీ, నాను సూసుకుంటాను."

"అది నాది కాదమ్మా" అంటూ ఆ పిల్ల కళ్లు తుడుచుకుని మిషను వ్యానెక్కించింది.

పొలం నుంచి అప్పుడే వచ్చిన జగన్నాధం పెళ్లాం ముఖం చూసి కంగారుపడ్డాడు.

"ఏటయినాదే? ఎవులు పోనారు?"

"మన బావిలో పని సేసిపెట్టినోళ్లయ్యా" అంది సుభద్రమ్మ. "ఆళ్లనే నా సేత్తో సంపీసినాను."