మూడోసారి అడగని మేనేజరమ్మ

ఉత్తరం మంగళవారం వచ్చింది. హాల్వర్ నైగార్డ్ దాన్ని పోస్టు డబ్బా దగ్గర నిలబడి ఒకసారి చదివాడు. వంటింట్లో కూర్చుని ఇంకోసారి చదివాడు. తర్వాత ఫోను తీసి అక్క అర్డిస్‌కి చదివి వినిపించాడు.

"'మీ అభిప్రాయాన్ని పూర్తిగా గౌరవిస్తున్నాము. మీ గుట్టను ఆరు సరస్సుల పార్కులో కలపాలన్న ఆలోచనను విరమించుకున్నాము. ఇకపై ఈ విషయమై మిమ్మల్ని ఇబ్బంది పెట్టము. ఇట్లు, మారిసెల ఓర్తేగా, పార్కు మేనేజరు.' విన్నావా అక్కా? ఇబ్బంది పెట్టదట!"

"నువ్వేమన్నావురా ఆ పిల్లతో?"

"ఏమంటాను? అందరూ అనేదే. మొదటిసారి అడిగితే 'మా గుట్ట మీకెందుకమ్మా, అంతా రాళ్ళు' అన్నాను. రెండోసారి అడిగితే 'వద్దులేమ్మా, మీకసలే బోలెడు పనులు' అన్నాను."

"మూడోసారి?"

"మూడోసారి అడిగితేగా! చెయ్యి కలిపి వెళ్ళిపోయింది. కాఫీ మాత్రం మొదటిసారి అడగ్గానే తాగేసింది."

అవతల అర్డిస్ ఉత్తుత్తిగా దగ్గింది. నవ్వు ఆపుకుంటోందని హాల్వర్‌కి తెలుసు.

పడమటి మినెసోటాలో ఆ చుట్టుపక్కల పుట్టినవాళ్ళెవరూ దేనికీ మొదటిసారే సరేననరు. కాఫీ పోస్తామంటే వద్దనాలి. మళ్ళీ అడిగితే మీకెందుకు శ్రమ అనాలి. మూడోసారి అడిగినప్పుడు సరే, సగం కప్పు అని, రెండు కప్పులు తాగాలి. మొదటి రెండుసార్లూ గొంతు సవరించుకోవడం కిందే లెక్క. హాల్వర్ కూడా వెర్నాని పెళ్ళికి మూడుసార్లే అడిగాడు. రెండుసార్లు తల అడ్డంగా ఊపి, మూడోసారి "నీకంత తప్పదనుకుంటే" అందామె. నలభై ఎనిమిదేళ్ళు కాపురం చేసింది. మొన్న మార్చిలో పోయింది.

మారిసెల న్యూ మెక్సికో నుంచి వచ్చి రెండేళ్ళయింది. వాళ్ళ వైపు వద్దంటే వద్దనే.

"ఇంకో చిక్కు కూడా ఉందక్కా," అన్నాడు హాల్వర్. "గుట్ట అడగడానికి శనివారం గ్లెన్ వస్తానన్నాడు."

"కంకర గ్లెనా? ఎన్నోసారి?"

"మూడోసారి."

ఈసారి అర్డిస్‌కి నవ్వు రాలేదు. కంకర తవ్వి అమ్మే గ్లెన్ బ్రాటెన్ ఆ ఊళ్ళో పుట్టి పెరిగినవాడు, లెక్క తెలిసినవాడు. హాల్వర్ సంగతి అంతకన్నా బాగా తెలిసినవాడు. మూడోసారి అడిగినవాళ్ళకి కాదని చెప్పడం హాల్వర్ పుట్టి బుద్ధెరిగి ఎరగడు. ఆ గుణం వల్లే అతనికి వాయించడం రాని అకార్డియనొకటి, చర్చి బాయిలరు బాధ్యత, ఎవరినీ దగ్గరికి రానివ్వని ముసలి గాడిద ఒకటి వచ్చి పడ్డాయి.

గుట్ట మాత్రం అలా మొహమాటానికి వదులుకునేది కాదు. మంచుకాలంనాడు హిమనదాలు మోసుకొచ్చి పోసిన కంకర అది. ఆ రాళ్ళకి భయపడే తాతల కాలం నుంచీ ఎవరూ దాని మీద నాగలి పెట్టలేదు. చుట్టూ నేలంతా మొక్కజొన్న అయినా, గుట్ట మీద పాత గడ్డి పాతగానే నిలిచింది. వెర్నా ఏటా శరదృతువులో ఖాళీ ఐస్‌క్రీము బకెట్టు నడుముకి కట్టుకుని ఆ గుట్టెక్కి, గింజలు దూసి పార్కుకి ఇచ్చేది. పార్కు తూర్పు వైపున ఒకప్పటి మొక్కజొన్న చేలల్లో ఇవాళ మనిషెత్తు గడ్డి ఊగుతోందంటే అది గుట్ట మీది గింజే. అయిదు సరస్సులు ఇటు, ఆరోది అటు. మధ్యలో గుట్ట. అది కలిస్తే పార్కు ఒక్కటవుతుంది. గ్లెన్ చేతిలో పడితే రెండేళ్ళలో గొయ్యి అవుతుంది.

"నువ్వే వెళ్ళి ఆ పిల్లకి ఇస్తానని చెప్పు," అంది అర్డిస్.

"అడక్కుండానా? నలుగురూ ఏమనుకుంటారు?"

"వాళ్ళు అనుకునేలోపు గ్లెన్ తవ్వేస్తాడు."

"నువ్వు చెప్పకూడదూ?"

"నేను చెప్తే నువ్వు చెప్పించావనుకుంటారు. అది ఇంకా అప్రతిష్ఠ."

నిజమే. "ఇలాంటివన్నీ..." అని మొదలుపెట్టి హాల్వర్ ఆగిపోయాడు. ఇలాంటివన్నీ ఎవరు చక్కబెట్టేవారో అర్డిస్‌కి తెలుసు. ఆమె వాతావరణం సంగతి ఎత్తింది.

శనివారం పార్కులో గింజలు దూసే రోజు. ఏటా ముప్పైమంది దాకా వస్తారు. హాల్వర్ తొమ్మిదింటికల్లా వెళ్ళాడు. ఆకాశం తేటగా ఉంది. మూడో సరస్సు మీద పెలికన్ పక్షులు వలస ప్రయాణానికి ముందు బద్ధకం తీర్చుకుంటున్నాయి. మారిసెల ఎదురొచ్చి అతని నడుముకి తనే బకెట్టు కట్టింది.

"మీరు రావడం చాలా సంతోషం హాల్వర్ గారూ. నా మీద కోపం లేదు కదా?"

"కోపమెందుకమ్మా!" హాల్వర్ ఆమె పక్కనే వరస పట్టాడు. కంకి మొదలు దగ్గర పట్టుకుని పైకి దూస్తే గింజలు గుప్పిట్లోకి వచ్చేస్తాయి. పది కంకులు దూశాక గొంతు సవరించుకున్నాడు. "ఈ ఏడు మా గుట్ట మీద గడ్డి బాగా కంకేసింది."

"అవునా? మంచిది."

"ఆరో సరస్సుకి వెళ్ళాలంటే మీకు రోడ్డు చుట్టూ తిరగాల్సొస్తోంది, పాపం."

"అలవాటైపోయిందండీ."

"మధ్యలో మా గుట్ట అడ్డం."

"అయ్యో, అడ్డమేమిటండీ! అది మీ ఇష్టం. ఇక ఆ మాట ఎత్తనని రాసిచ్చాను కదా. నేను మాట తప్పను."

వెనక వరసలో అర్డిస్ గడ్డితో చెబుతున్నట్టుగా అంది: "వీడికి నోరు రాదు, ఆ పిల్ల చెవికెక్కదు. మధ్యన గుట్ట ఏం పాపం చేసిందో!"

హాల్వర్ ఇంకో వంద కంకులు దూశాడు. ఎండ ఎంత బాగుందో చెప్పాడు. గుట్ట మీద ఇంకా బాగుంటుందని చెప్పాడు. తన వయసు సంగతి, కంచె తీగ వదులైన సంగతి కూడా చెప్పాడు. మారిసెల అన్నిటికీ మర్యాదగా తలూపింది. కంచె బాగుచేయడానికి పార్కు నుంచి ఎవరినైనా పంపనా అని అడిగింది.

పదకొండింటికి గ్లెన్ ట్రక్కు వచ్చింది. పని ఆపి అందరూ కాఫీ తాగుతున్నారు. గ్లెన్ అందరినీ పలకరించి, హాల్వర్ ముందుకొచ్చి టోపీ తీశాడు. మంచివాడే. అదే ఇబ్బంది.

"బాబాయ్, నీ ఇంటికి వెళ్ళాను, లేవు. సరే, ఇక్కడే అడుగుతాను. ఆ గుట్ట నాకిస్తావా?"

ముప్పై కప్పులూ గాలిలో ఆగిపోయాయి. అది ఎన్నోసారో అక్కడ అందరికీ తెలుసు. మారిసెల ఒక్కతే బిస్కట్ల డబ్బా మూత తీస్తోంది.

హాల్వర్ నోరు దానంతటదే తెరుచుకుంది. అరవై ఏళ్ళ అలవాటు. "నీకంత..." అన్నాడు. గ్లెన్ చెయ్యి కలపడానికి ముందుకి చాచాడు.

హాల్వర్ చేతులు రెండూ బకెట్లో ఉన్నాయి. తీయలేదు.

"నీకంత అవసరమని నాకు తెలుసు గ్లెన్. కానీ ఇవ్వను."

"బాబాయ్, ఇది మూడోసారి."

"లెక్క నాకూ వచ్చు. అది వెర్నా గుట్ట. కంకరకివ్వను."

ఆరు నెలల్లో నలుగురి ముందు అతను ఆ పేరు పలకడం అదే మొదలు. అన్నాక, అంత కష్టమేమీ కాలేదనిపించింది. ఆ ఊపులోనే ఇంకో పని కూడా చేసేశాడు.

"మేనేజరమ్మా, ఆ గుట్ట మీరు తీసుకోండి. మీరు అడగలేదు. నేనే చెబుతున్నాను."

ఎవరో కాఫీ పొలమారి దగ్గారు. మారిసెల మూత చేతిలో పట్టుకుని నిలబడిపోయింది.

"మీరే కదండీ రెండుసార్లు వద్దన్నారు?"

"రెండుసార్లేగా!"

అర్డిస్ ఆమెను పక్కకి తీసుకెళ్ళి విషయమంతా విప్పి చెప్పింది. వింటున్నకొద్దీ మారిసెల ముఖం ఎర్రబడింది.

"అంటే ఈ రెండేళ్ళలో నేను ఎన్ని ఇళ్ళ నుంచి లేచొచ్చేశానో! ఎరిక్సన్ గారి చిత్తడి నేల... ఆయన్నీ రెండుసార్లే అడిగాను."

"నేనిక్కడే ఉన్నాను," అన్నాడు ఎరిక్సన్, గడ్డిలోంచి. "ఎటూ వెళ్ళడం లేదు."

"పోయిన జూన్‌లో నన్నూ," అంది ఇంకో ముసలావిడ. "ఇక అడగదు కాబోలనుకున్నాను. కాస్త బాధేసింది కూడా."

నవ్వులకి పెలికన్లు ఒక్కసారిగా లేచి, సరస్సు చుట్టూ తిరిగి, మళ్ళీ అక్కడే వాలాయి. గ్లెన్ కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా.

"నేను నాలుగోసారి అడగొచ్చా బాబాయ్?"

"నాలుగోసారి అడిగితే మొండితనమంటారు నాయనా," అంది అర్డిస్. "బిస్కటు తీసుకో."

కాగితాలు తయారయ్యేసరికి చలికాలం వస్తుందంది మారిసెల. ప్రభుత్వం మనిషి వచ్చి కొలవాలి, సంతకాలు కావాలి. హాల్వర్ సరేనన్నాడు. మొదటిసారే అన్నాడు. అని, తనే కాస్త తడబడ్డాడు.

మధ్యాహ్నం ఆమె అతని వెంట గుట్ట దగ్గరికి వచ్చింది. వదులైన కంచె తీగని హాల్వర్ బూటుతో తొక్కి పట్టుకుంటే ఆమె ఇవతలికి దాటింది. పైకెక్కేసరికి ఇద్దరికీ ఆయాసం వచ్చింది. ఒకవైపు అయిదు సరస్సులు, రెండోవైపు ఆరోది. మధ్యలో గడ్డి, రాగి రంగులో, గాలికి ఒకే వైపుకి వాలుతోంది.

మారిసెల ఒక ఎండిన పువ్వు చూపించి దాని పేరేమిటని అడిగింది.

"నాకు తెలియదమ్మా. వెర్నా చెప్పేది, నేను వినలేదు," అన్నాడు హాల్వర్. "కానీ దాని గింజ ఎప్పుడు దూయాలో తెలుసు. ఇంకో వారం ఆగాలి."

"అయితే వచ్చే శనివారం వస్తాను," అంది మారిసెల.

"రండి," అన్నాడు హాల్వర్.