చక్రపాణి కుక్రీ, పద్నాలుగు గుమ్మడికాయలు

నాకు అక్షరాలు అరవై దాటాక వచ్చాయి. ఒత్తులు తప్పుగా పడితే మన్నించండి. ఇంత చిన్న కథ రాయడానికి మూడు వారాలు పట్టింది, దానికీ మన్నించండి.

సకల జనుల సమ్మె రోజులవి. బస్సుల్లేవు, ఆఫీసుల్లేవు. మన్సూరాబాద్‌లో ఉండే గుమాస్తా చక్రపాణి కూడా సమ్మెలోనే ఉన్నాడు. ఆయనకు ఉద్యోగం కంటే కత్తుల మీద మనసెక్కువ. ఇంట్లో ఏడు కత్తులున్నాయి, ఒక్కదానితోనూ ఉల్లిగడ్డ కోయనివ్వడు. ఒకసారి భార్య సంధ్యారాణి వాటిలో ఒకటి తీసి వంకాయ కోసినందుకు రెండు పూటలు అన్నం మానేశాడు.

ఎనిమిదో కత్తి ఆ రోజు దిల్‌సుఖ్‌నగర్ కొరియర్ ఆఫీసుకు వచ్చింది. నేపాలీల వంపు కత్తి కుక్రీనే, కానీ కొత్త తీరుది. వంపు పాతదే. ఉక్కు తుప్పు పట్టనిది, పిడి మాత్రం చెక్కకు బదులు గుడ్డ పొరలు జిగురుతో బిగించి చేసింది. దానికోసం ఎనిమిది నెలలు ఎదురుచూశాడు. ఆయనలాంటి కత్తుల పిచ్చివాళ్లు వెంకట్రావు, అభిలాష్ పక్కనున్న చాయ్ హోటల్లో కాచుకుని ఉన్నారు. కత్తిని పేపరు మీద పడుకోబెట్టి ముగ్గురూ పురిటిబిడ్డను చూసినట్టు చూశారు. భీమవరం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ వెంకట్రావు పెదవి విరిచాడు.

“పిడి దగ్గర అంచులో ఉండే గంటు తీసేశాడు చేసినోడు. గంటు లేంది కుక్రీ ఎలా అవుద్దండీ?”

గంటు ఉన్నచోటే కత్తి విరుగుతుందని అభిలాష్ వాదించాడు. ఆ వాదన మూడు చాయ్‌ల దాకా సాగింది. తర్వాత చక్రపాణి కత్తిని సంచిలో పెట్టుకుని నడక సాగించాడు.

ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు జరుగుతోంది. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, వండుకుని, అక్కడే కూర్చుని తినడం అప్పటి నిరసన. పక్కనే పోలీసులు వచ్చేపోయేవాళ్ల సంచులు తడుముతున్నారు. చక్రపాణి సంచిని చంకలో అదుముకున్నాడు. మూరెడు కత్తి వాళ్ల చేతికి పోతే మళ్లీ వచ్చేది కాదు. జనంలో కలిసిపోయి పొయ్యిల దగ్గరికి జారుకున్నాడు.

అక్కడ వంట ఆగిపోయి ఉంది. పప్పుచారులోకి పద్నాలుగు గుమ్మడికాయలు తెచ్చారు. గుమ్మడికాయకు మొదటి వేటు మగవాడే వేయాలి, రెండు చెక్కలయ్యాకే ఆడవాళ్లు ముట్టుకుంటారు. మగవాళ్లంతా మైకు దగ్గరున్నారు. వంటకు పెద్దగా ఉన్న బడంగ్‌పేట్ ఇంద్రమ్మకు చక్రపాణి చిక్కాడు.

“అన్నా, మంచిగ దొరికినవ్. గీ కాయలకు జర ఒక్కొక్క దెబ్బ ఎయ్యి.”

ఆమె ఇచ్చిన కత్తి మొద్దుది. మొదటి కాయలో దిగబడి ఊడి రాలేదు. ఆయన దానితో కుస్తీ పడుతుండగా ఎస్సై వచ్చి సంచిలో ఏముందని అడిగాడు. చక్రపాణి సంచిని వెనక్కి జరిపాడు. ఇంద్రమ్మే సంచిలో చెయ్యి పెట్టి కుక్రీని బయటికి తీసింది.

“ఏముంటది సారూ, గుమ్మడికాయల కత్తి. గిది పెట్టుకొని మొద్దు కత్తితోని కొట్టుకుంటున్నడు, సూడు.”

“గింత పెద్దదా? ఏదీ, కొయ్యి. నేను చూస్త.”

దాని మీద ఇంకా వేలిముద్ర కూడా సరిగా పడలేదు. చక్రపాణి కళ్లు మూసుకుని వేటు వేశాడు. తెరిచి చూస్తే కాయ రెండు చెక్కలై పడి ఉంది. భయం ఎటో పోయింది. కత్తి బరువంతా మొన వైపు ఎందుకుంటుందో, వంపు ఏం పని చేస్తుందో ఎస్సైకి పాఠం మొదలుపెట్టాడు. ముచ్చట్లు ఆపి కొయ్యమని ఇంద్రమ్మ కసిరింది. ఏడో కాయ దగ్గర ఎస్సై ఉండలేక తనే కత్తి అడిగి తీసుకున్నాడు. కోశాక చుట్టూ చూసి టోపీ సర్దుకున్నాడు.

“సరే, వంట కత్తే. మరి వంటకాడ్నే ఉండాలె. మళ్ల సంచిల దొరికిందా, గుంజుకుంట.”

అట్లా కుక్రీ గంటెలతో పాటు గిన్నెల ట్రాలీ ఆటో ఎక్కింది. మర్నాడు వంటావార్పు వనస్థలిపురంలో, ఆ తర్వాతి రోజు హయత్‌నగర్‌లో. కత్తిని వదల్లేక చక్రపాణి కూడా రోజూ గిన్నెల మధ్య కూర్చుని వెళ్లాడు. కత్తి చూడాలని వచ్చిన వెంకట్రావు, అభిలాష్‌లకు కాయ కోస్తేనే ముట్టనిస్తానంది ఇంద్రమ్మ. ఉద్యమం పేరెత్తితేనే మాట మార్చే వెంకట్రావు, జై తెలంగాణ కేకల మధ్య ఆరు కాయలు కోశాడు.

సమ్మె ఆగిన రోజు ఇంద్రమ్మ కత్తిని శుభ్రంగా కడిగి ఆయన చేతికిచ్చింది. చక్రపాణి దాన్ని సంచిలో పెట్టలేదు. పట్టపగలు, అందరికీ కనిపించేలా, ఒక చేత్తో కుక్రీ, ఇంకో చేత్తో కోయని గుమ్మడికాయ పట్టుకుని మన్సూరాబాద్ దాకా నడిచి వెళ్లాడు.

ఇట్లు,
అండాలమ్మ, అరవై తొమ్మిదేళ్లు,
ఇప్పుడు ఉంటున్నది బాటసింగారం.